అది రాయి

సోమవారం. కరెంటుంది, సర్వరు లేదు.
సచివాలయం బెంచీ మీద మాలకొండమ్మ
కొంగుముడి విప్పి ఆధార్ కార్డు తీసింది,
దాని వెనకే ఒక మందుసీసా.
"ఏంది పెద్దమ్మా ఇది?"
"మజ్జిగ. తెల్లారుజామున చిలికిందే. రంగు చూడు."

చూశాను. చీమకుర్తి రోడ్డు రంగు.

క్వారీ లారీ పోయినప్పుడల్లా
మా ఇళ్ళల్లో గిన్నెల మీద మూతలు మాట్లాడతాయి.
నల్లటి బండలో బంగారు చుక్కలు;
గెలాక్సీ అని పేరుపెట్టి ఓడలెక్కిస్తారు.
నా చేతిలో ఫోను పేరూ అదే.
చుక్కలు ఎటో పోతాయి.
పొడి మాత్రం ఊరు దాటదు.

పన్నెండింటికి పేజీ తెరుచుకుంది.
వర్గం ఎంచుకోండి, అంది.
రోడ్లు. తాగునీరు. పింఛను. భూమి. ఇతరములు.
"నా కొడుకు రాత్రంతా కూర్చునే నిద్రపోతాడు, అది రాయి.
కోతమిషను కాడ పదకొండేళ్ళు చేశాడు, అది రాయి.
బీడీ ముట్టడని రాయి, డాక్టరు ముందదే అడుగుతాడు.
గేదెకి గడ్డి దులిపి ఏస్తన్నా,
అదీ రాయి మస్తానమ్మా."
ఆమె రాయి అన్నప్పుడల్లా
కిటికీ అవతల ఒక రాయి
గొలుసులు బిగించుకుని ఒంగోలు వైపు కదిలింది.

ఆ గడిలో మూడువందల అక్షరాలే పడతాయి.
కూర్చుని పోయే నిద్రని
"శ్వాస సంబంధిత ఇబ్బంది" చేశాను.
మజ్జిగని "ధూళి కాలుష్యం" చేశాను.
పదకొండేళ్ళు పట్టలేదు, తీసేశాను.
సీసాకి ఫొటో తీస్తే
ఫోను దానంతటదే రంగు సరిచేసింది.
తెరమీద మజ్జిగ మల్లెపువ్వులా ఉంది.

ఇతరములు నొక్కాను.

"నొక్కినాక యాడికి పోయిద్దే?"
"ఒంగోలు."
"ఆణ్ణించి?"
నాలుగేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను.
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

తొమ్మిదో రోజు మెసేజి:
మీ అర్జీ సంతృప్తికరంగా పరిష్కరించబడినది.
రుజువుకి ఒక ఫొటో, తడిసిన రోడ్డు మీద నీళ్ళ ట్యాంకరు.
మాలకొండమ్మకి చదువు రాదు.
ఫొటోని మాత్రం కళ్ళకానించుకుని చూసింది.
"సరుగుడు చెట్లుండాయే.
ఇది కొత్తపట్నం కాడ సముద్రపొడ్డు గదా.
మనకి సరుగుడు యాడిది?"

ఆ రాత్రి ఊరి గ్రూపులో పెట్టాను,
సరుగుడు తోటనీ, మా రోడ్డునీ పక్కపక్కన.
నూటడెబ్బై బొటనవేళ్ళు లేచాయి.
దండాలు, ఎర్రమొహాలు, ఒకరెవరో పుట్టినరోజు కేకు.
లారీలున్నాయన గ్రూపులో ఏమీ అనలేదు.
ఆయన బదులు మా ఆఫీసరు ఫోన్ చేశాడు:
"నీది కాంట్రాక్టు ఉద్యోగం గదమ్మా."
తీసెయ్యలేదు. ధైర్యం కాదు,
అప్పటికే ఎవరో దానికి డప్పుల మోత తగిలించి
కనిగిరి దాకా పంపేశారు.

పొద్దున ఆరింటికి రోడ్డెక్కుదాం అని
గ్రూపులో అందరూ అన్నారు.
ఆరింటికి రోడ్డు మీద
మాలకొండమ్మ, నేను, టీకొట్టు సుభానీ,
సుభానీ కుక్క.
ఏడింటికి గోడల మీంచి కొన్ని ఫోన్లు లేచాయి,
మనుషులు వాటి వెనకే ఆగిపోయారు.

మొదటి లారీ వచ్చింది.
డ్రైవరు హారను మీద చెయ్యేసి, తీశాడు.
ఫోన్లోకి చూశాడు, ఆమెని చూశాడు.
"మజ్జిగ పెద్దమ్మవి నువ్వే కదూ?"
ఇంజను ఆపాడు.
ఆ మోత ఆగాక వినబడింది
అతని ఛాతీలో గరగర, తర్వాత దగ్గు,
మాలకొండమ్మ ఇంట్లో రాత్రిళ్ళు వినబడేదే.

ఆమె నా వైపు తిరిగింది.
"ఇతని పేరేందో అడుగు. రాయి."