పన్నెండో పేరు

నారిన్ పట్నంలో ఫిబ్రవరి.
సీసాలో సిరా గడ్డకట్టే రోజులు పోయాయి గానీ
వేళ్లు కొయ్యబారే రోజులు అలాగే ఉన్నాయి.
ఎనిమిదో తరగతి. ఇరవై ఆరుగురు.
పదకొండు ఫోన్లు.
రెండింటికి అద్దం పగిలింది,
ఒకటి తీగ మెలిపెట్టి పట్టుకుంటే తప్ప ఛార్జింగు ఎక్కదు.

పదేళ్లుగా నదుల పాఠం చెబుతున్నాను.
పదేళ్లుగా ముందు బెంచీ తలాడిస్తుంది,
వెనక బెంచీ కిటికీ ఆవిరి మీద గుర్రాలు గీస్తుంది.
బెగైమ్‌ని ప్రశ్న అడిగితే
జవాబు గొంతు దాకా వస్తుంది,
గడప దగ్గర మంచు చూసిన గొర్రెపిల్లలా
మళ్లీ లోపలికే పోతుంది.

జిల్లా శిక్షణలో ఒక చిన్నది నేర్పింది ఈ ఆట.
"ఉచితమే, ఎజె. అసలు పేరు కూడా అక్కర్లేదు" అంది.
అసలు పేరు అక్కర్లేదన్న మాటే
నన్ను ఆ రాత్రి పడుకోనివ్వలేదు.

మంచం దుప్పటి తెచ్చి గోడకు కొట్టాను.
ప్రొజెక్టరు లెక్కల మాస్టారిని బతిమాలి తెచ్చాను.
ఆరంకెల సంఖ్య నల్లబల్ల మీద
ఆరుబయటికి కూడా కనిపించేంత పెద్దగా రాశాను.
దుప్పటి మీదికి ఒక్కొక్కరే దిగారు:
కుంటి తోడేలు,
ఫోన్ లేని రాజు,
అమ్మమ్మ నిద్రపోతోంది,
ఎజె కళ్లజోడు (ఇది అక్తాన్ అని నాకు తెలుసు),
బూడిద గాడిద.

మొదటి ప్రశ్నకి గాడిద గెలిచింది.
రెండోదానికీ గాడిదే.
పిల్లలు ఒకరి ఒళ్లోకి ఒకరు తొంగిచూస్తున్నారు,
దొంగ దొరికితే చెవి పిండుదామని.
అరుపులకి పక్క గదిలో రష్యన్ పాఠం ఆగిపోయింది.
నేను మాత్రం లెక్కపెడుతున్నాను.
ఫోన్లు పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే.
దుప్పటి మీద పేర్లు పన్నెండు.

చివరి ప్రశ్న: మన నది ఎక్కడ ఆగుతుంది?
నాలుగు రంగుల్లో నాలుగు జవాబులు.
గాడిద ఎర్రది నొక్కింది. అరల్ సముద్రం.
ఆకుపచ్చ టిక్కు పడింది, బాకా మోగింది,
కాగితపు ముక్కలు గాల్లో ఎగిరాయి, ఉత్తుత్తివి.

అప్పుడు తలుపు తోసుకుని
బూడిద బకెట్‌తో వచ్చాడు షార్షెన్ బైకె.
మా పొయ్యిలన్నిటికీ బొగ్గు వేసే మనిషి,
తొమ్మిదో తరగతిలో బడి వదిలి మందల వెంట పోయినవాడు.
రెండో చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది.
నవ్వులకి పైకప్పు లేచిపోతుందనుకున్నాను.

ఆయన నవ్వలేదు.
"ఆ నాలుగింట్లో నిజం లేదు, ఎజె.
టిక్కు పడుతుందని నొక్కాను.
నది దారిలోనే పత్తిచేలల్లోకి పోతుంది.
సైన్యంలో ఉండగా ఆ చివరికి వెళ్లాను.
నీళ్లు లేవు. ఓడలు ఇసుకలో నిలబడి ఉన్నాయి."

నా దగ్గర ఐదో రంగు లేదు.
ఆట మూసేసి ఖాళీ గోడ ఒకటి తెరిచాను,
ఎవరైనా ఏదైనా రాయొచ్చు, అదీ ఉచితమే.
చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత ఒక్కో అక్షరం, తప్పులు దిద్దుకుంటూ,
'అమ్మమ్మ నిద్రపోతోంది' అడిగింది:
ఆ ఓడల్లో ఎవరైనా ఉన్నారా?

బెగైమ్ తల బల్లకి ఆనించేసింది.
చెవులు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి.

షార్షెన్ బైకె మూడడుగుల దూరంలోనే ఉన్నాడు.
నోటితో చెప్పొచ్చు.
చెప్పలేదు.
బకెట్ కింద పెట్టాడు, పళ్లతో చేతితొడుగు లాగాడు,
మసి వేలితో అద్దం మీద వెతుక్కుంటూ వెతుక్కుంటూ
జవాబు రాశాడు.
ఇరవై ఆరుగురూ ఊపిరి బిగబట్టి
దుప్పటి వైపు చూస్తున్నారు.

ఆవులు ఉన్నాయి. నీడ కోసం.

ఆ తర్వాత ప్రశ్నలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టలేదు.
పొయ్యి ఎప్పుడు ఆరిందో ఎవరూ చూడలేదు,
ఆయన కూడా.
మూడో పీరియడ్‌కి అందరం కోట్లు వేసుకుని కూర్చున్నాం.