తగు మార్గం ద్వారా

నర్సంపేట కరెంటాఫీసుల
ఇరవై ఆరేండ్లుగా నా పని ఒకటే:
వచ్చిన కాయితానికి నంబరెయ్యడం.
ఊదా సిరా, తేదీ తిప్పే ముద్ర,
మెత్త ఎండితే రెండు చుక్కల నీళ్లు.
నా బల్ల దాటకుండా
ఏ దరఖాస్తూ నక్కలగుట్ట మెట్లెక్కలే.

లైన్‌మన్ ఓదెలు
రబ్బరు గ్లౌజుల కోసం మూడుసార్లు రాసిండు.
నూట పన్నెండు, రెండొందల నాలుగు, మూడొందల ముప్పై.
మూడింటికీ ముద్రేసింది నేనే,
అవి ఏ బీరువాల పండుకున్నయో ఎరుకున్నదీ నాకే.

మొన్న చెన్నారావుపేట కాడ గాలివాన.
స్తంభం దిగి, తడిబట్టల మీదనే
చినిగిన గ్లౌజు ఫోటో తీసి
సక్కగ మంత్రి పేరుకే తగిలిచ్చిండు.
చూపుడు వేలు కాడ బొక్క,
బొక్కలకెల్లి అతని గోరు.
రాత్రి పదకొండు నలభై.
పదకొండు యాభై ఒకటికి జవాబు:
"తమ్ముడూ, చూసిన. మావాళ్లు మాట్లాడ్తరు."
కింద దండం పెట్టే చేతుల బొమ్మ.

పదకొండు నిమిషాలు.
వానకాలం నా ముద్ర ఆరడానికే
అంతకన్నా ఎక్కువ పడ్తది.

తెల్లారి పదింటికి గ్లౌజులొచ్చినయ్.
ఒక్క జత.
తొడుక్కొని ఫోటో దిగమన్నరు, దిగిండు.
పదకొండింటికి ఏడీఈ సారు పిలిచి
మెమో టైపు చెయ్యమన్నడు:
"తగు మార్గం ద్వారా గాక
నేరుగా పైవారిని ఆశ్రయించినందుకు..."
టైపు చేసిన. నంబరేసిన.
కొత్త గ్లౌజు చంకల ఇరికిచ్చుకొని
సంతకం పెట్టుకుంట ఓదెలన్నడు:
"గీ కాయితం మస్తు జల్ది వచ్చింది గద సారూ!"

మిగతా పద్నాలుగు మంది
ఆ పూట నా బల్ల కాడికి రాలే.
కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల షెడ్డు నీడన
ఎవల చేతులు వాళ్లు ఫోటో తీసుకుంటున్నరు.

నాదీ ఒకటున్నది.
మా ఇంటామె డయాలసిస్ బిల్లు.
ఎనిమిది నెలలాయె,
ఎంజీఎం సంతకానికీ నక్కలగుట్ట సంతకానికీ నడుమ.
దానికీ నంబరు నేనే ఏసుకున్న.

ఆ రాత్రి ఫోన్ల రాయబట్టిన:
గౌరవనీయులైన మంత్రివర్యులకు, విషయం, సూచిక...
అక్షరాలు మించినయని ఎర్రగ చూపిచ్చింది.
విషయం కొట్టేసిన. సూచిక కొట్టేసిన.
వినయపూర్వకంగా అన్నదాన్ని
జరసేపు చూసి, అదీ కొట్టేసిన.
ఆమె పేరూ రూపాయలూ మిగిలినయ్.

ఫోటో ఉంటెనే చూస్తరట.

మంచం మీద ఆమె ఎడమ చెయ్యి,
మోచేతి కాడ సూదులు పొడిచిన ఉబ్బు.
ఫోను ఎత్తిన.
నిద్రలనే ఆమె
కొంగు మీదికి గుంజుకున్నది.