పన్నెండో సీసా

హన్మకొండ ల్యాబుల కరెంటు పోయింది.
కిటికీలకు నల్లగుడ్డ కట్టిండు కొమ్రెల్లి,
"ఇగ జూడు బిడ్డా, మంచి సీకటి దొరికింది."

నోట్లు జూసే లైటు నాది,
చౌరస్తాల బేరమాడి కొన్నది.
దాని ఊదా వెలుతురు కింద
పదకొండో సీసా కూడా
ఆరిన కొలిమిలెక్క ఊకుంది.

జింకు వెలగాలె.
రెండు నత్రజనులు, రెండు ఆక్సిజన్లు
పట్టుకారు మొనలై లోహాన్ని నడుమ బిగిస్తయి,
మీద ఒక నీటి అణువు కూసుంటది.
అప్పటిదాంక ఊగులాడిన అణువు కుదురుకుంటది.
కుదురుకున్నంక, తిన్న వెలుగును
ఒంట్లనే పారేసుకోకుండ
నీలంగ తిరిగిస్తది.

ఇయ్యలేదు.
ఎసిటేటు మార్చిన. మిథనాలు మళ్ల బట్టీ పట్టిన.
సారు నా నోటుబుక్కు తిప్పి
"ఐలోజు హైమా, నీ చెయ్యి శుభ్రం లేదు" అన్నడు.
చెయ్యి జూసుకున్న.
చేతిల చెంచా ఉంది.

పెంబర్తిల బాపు చేసిచ్చిన చెంచా,
పీహెచ్‌డీ సీటొచ్చిన నాడు.
కొసకు హంస, దాని కంటికి సూదిమొనంత గుంట.
ఉప్పు తీసింది అదే, కలిపింది అదే,
రాత్రంత సీసాల మరిచింది గూడ దాన్నే.

ఇత్తడంటే ఏంది, రాగీ జింకే గదా.
పుల్లటి వాసన ద్రావణంల
హంస కొంచెం కొంచెం కరిగింది.
రాగి జింకును లేపి
ఆ పీట మీద తనే కూసుంది, చదునుగ.
దానికి జోడులేని ఎలక్ట్రాను ఒకటుంది.
అంటుకున్న వెలుగు అక్కడ్నే ఆరిపోతది.

పన్నెండో సీసా. గాజు కడ్డీ.
గుడ్డ సందును బొటనవేలుతో ఒత్తిపట్టిండు కొమ్రెల్లి.
లైటు నొక్కిన.

"అబ్బ" అన్నడు.
చాలాసేపు ఇంకేమనలే.
ఆయన పండ్లు, గీతలు వడ్డ అద్దాలు,
నా గోర్లు,
అన్నీ నీలం.

ఆదివారం రేకుల కొట్టంల తలుపేసి
బాపుకు రెండు సీసాలు జూపిచ్చిన.
చెంచా మాట చెప్పలే.
వెలిగేదాన్ని ఒక్కసారి జూసి పక్కకు పెట్టిండు.
వెలగనిదాన్ని పట్టుకొని
"ఇది మింగిన వెలుగు ఎటువాయె మరి?"

వెచ్చగైతది బాపూ.
మనకు తెలవనంత.

సుత్తెదెబ్బ తర్వాత రేకును తాకి జూసినట్టు
సీసాను అరచేతిల మూసిండు.
కండ్లు మూసిండు.
"ఉన్నది" అన్నడు.