చిత్రం అంటే ఏం చిత్రం?

చిత్తూరు మండీకి కాయ దిగే నెలల్లో
రేట్ల పేజీ పెట్టేది నేనే.
తెల్లారి ఆరుకంతా తోతాపురి, నీలం, బేనీషా,
బోర్డు మీది పట్టికను ఫొటో తీసి అతికించేసి
టీ అంగడికి పోతా ఉంటి.

పెనుమూరు కాడి నుంచి దొరసామన్న ఫోను.
"అబ్బోడా, ఈపొద్దు రేటెంత?"
"పేజీలో పెట్నా కదన్నా."
"పెట్నావులే. నా ఫోను ఏం చదువుతాదో విను."

విన్నా.
కోపం లేని, దయ లేని గొంతు:
చిత్రం. ఐఎంజీ సున్నా నాలుగు ఏడు రెండు.
చిత్రం.
బటన్. బటన్.
లింకు, ఇక్కడ నొక్కండి.
లింకు, ఇక్కడ నొక్కండి.

"యాడ నొక్కేది సామీ? నొక్కితే ఏమొస్తాది?"

ముచ్చిక కాడ వాసన పట్టి
ఏ చెట్టు కాయో చెప్పే మనిషి.
చూపు పోయి పదేండ్లయినా
ఆయన తడుముకునింది నా పేజీలోనే.

ఆ రాత్రి తెర మీద తువ్వాలు కప్పి
మౌసును సొరుగులో పెట్టి
నా పేజీని నేనే చెవులతో నడిస్తి.
ఏదో ప్రకటనలో దిగబడి
నీవా ఇసుకలో బండి మాదిరి
ముందుకూ పోలా, వెనక్కీ రాలా.

అంకెల్ని అంకెలుగా రాస్తి.
ఏ గడి ఏ కాయదో పైన పేరు పెడితి.
ఎరుపంటే దిగింది, పచ్చంటే ఎక్కింది అని ఉన్నింది;
కాటా కాడి మునస్వామికి ఆ రెండూ ఒకటే రంగంట,
ఇన్నాళ్లూ సిగ్గుపడి అడగలేదంట.
దిగింది, ఎక్కింది అని మాటే పెడితి.

ఇంక ఫొటో మిగిలింది.
"మామిడికాయలు" అని రాస్తి. చెరిపేస్తి.
"లేత ఎండలో బంగారు కుప్పలు,
వెనక నీలం లారీ" అని రాసి
నాకు నేనే మెచ్చుకుంటి.

పొద్దున్నే దొరసామన్న నవ్వినాడు.
"లారీ నాకెందుకబ్బా?
కాయకు మచ్చ ఉండాదా లేదా, అది చెప్పు."

ఫొటో పెద్దది చేసి చూస్తి.
ఉండాది.
ముక్కు కాడ, వాన తగిలిన నల్ల మచ్చ,
ఒక కాయకు కాదు, కుప్పంతా.
తీసింది నేను. పెట్టింది నేను.
మూడు వందల మంది చూసినారు.

ఈపొద్దు ఫొటో ఇంకా తియ్యలేదు.
బోర్డు కాడ రేట్లు రాస్తా ఉండారు.
ఒక కాయ చేతిలోకి తీసుకుని
తిప్పి తిప్పి చూస్తా ఉండా.