వేలిముద్ర

జీడిసొన తగిలీ తగిలీ
నా బొటనవేలి మీద గీతలు పోయి తొమ్మిదేళ్లు.
రేషను మిషను నన్ను గుర్తుపట్టదు.
"ఇంకోపాలి ఒత్తు, ఇంకోపాలి" అంటాడు డీలరు.
ఈ భూమ్మీద నేను లేనట్టు
ఎర్రలైటు వెలుగుతుంది.

కాశీబుగ్గ బట్టీలో మేం పదకొండుమందిమి ఒక వరస.
గుండు, బద్ద, ముక్క, నూక
ఏ పప్పు ఏ చేటలోకి పోవాలో మేమే తేలుస్తాం.
మా కడుపుల లెక్క ఎవరు తేల్చాలో
ఏ రోజూ ఎవర్నీ అడగలేదు.

నెల తప్పిందని ముందు తెలిసింది పక్కపీట దాలమ్మకి.
వేపుడు పొగకి నేను రెండుసార్లు లేచెళ్లడం చూసి
"ఏటే పారమ్మా, మళ్లీనా?" అంది.
మళ్లీనే.
చంటోడు ఇంకా పాలు మానలేదు.
పాలిచ్చినన్నాళ్లూ నిలవదని చెప్పింది ఈ దాలమ్మే,
ఇప్పుడు పచ్చిబొప్పాయి తెస్తానంటోందీ దాలమ్మే.

మా చిన్నత్త సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.
ఎవరో ఇచ్చిన వేరు, మూడురోజుల జ్వరం,
నాలుగోనాడు తడిసిన గోనెపట్టా.
కడుపునొప్పి అని రాయించారు.
అబద్ధం కూడా కాదు.

మధ్యాన్నం అన్నాల వేళ
ఆశా కాంతమణి సంచి విప్పింది.
ఇది రాగి ముక్క, ఇవి మాత్రలు, ఇది మూణ్ణెల్ల సూది.
నిరోధ్ పొట్లం చూసి అందరూ కిసకిసా నవ్వారు,
దాలమ్మ నవ్వుతూనే రెండు రొండిన దోపుకుంది.

చేతులు కడిగే పంపు దగ్గర నేను చెప్పాను.
"ఎన్నాళ్లయింది?"
"రెండు నెల్లు దాటలేదు."
"అలాగైతే బేగి రా. దొంగతనం కాదే ఇది, చట్టం ఉంది.
టెక్కలి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మే చూస్తాది."
"మావోడు పారాదీప్‌లో ఉన్నాడు.
సంతకానికి ఎలా రప్పించీది?"
"ఆడి సంతకం ఎందుకు? నీదొక్కటే."

నాదొక్కటే.
పొదుపు సంఘం అప్పుకీ, పిల్లల బడికీ, గుడిసె పట్టాకీ
చాలని చేయి.

సిస్టరు కాగితం ఎత్తి పట్టుకుని చూసింది.
"గీతలే పడలేదేంటి?"
"బట్టీ తినీసింది సిస్టర్.
మనిషి ఎదురుగా ఉంది కదా" అంది కాంతమణి.
నల్లగా, నున్నగా ఒక మచ్చ.
డాక్టరమ్మ దాని కింద నా పేరు రాసింది.
ఏ లైటూ వెలగలేదు.

ఆరోజు ఒక మాత్ర, ఎల్లుండికి మిగతావి.
ఏం జరుగుతుందో, ఎప్పుడు పరిగెత్తుకు రావాలో
రెండుసార్లు చెప్పి, నాచేత ఒకసారి చెప్పించింది.
ఆ రాత్రి నొప్పికి కాంతమణి చేయి పట్టుకున్నాను.
కొంచెం ఏడ్చాను కూడా,
ఎందుకో అడగొద్దు, నాకే తెలీదు.
తెల్లారి గంజి తాగి పడుకున్నాను.
చంటోడు నా పైట పట్టుకుని నిద్రపోయాడు.

వారం తర్వాత మళ్లీ అదే పీట, అదే సొన.
కొత్తగా పెళ్లయి వచ్చిన రోహిణి
చేటలోంచి తలెత్తకుండా గొణిగింది:
"అప్పా, ఆ మూణ్ణెల్ల సూది
బాగా మంటెడతాదా?"

నా బొటనవేలు చూపించాను.
"ఇంత కాదు" అన్నాను.