బండ మీద ఏడు నిమిషాలు

షేక్‌పేట నాలా దాటినాక
ఎడమకు తిరిగే సందు చివర
ఒక బండ మిగిలింది.
పేల్చబోతే పక్కింటి గోడ నెర్రెలిచ్చి
కేసు పడి
అట్లనే మిగిలిపోయింది.

పొద్దుగాల పదకొండు ఇండ్లు తిరిగి
పదకొండు మందిని పిడికిలి బిగించుమని,
ఇగ వదలమని
చెప్పీ చెప్పీ
స్కూటీ ఆపి దాని మీద కూసుంట.
పక్కన ఐసు డబ్బా.
అందులో పదకొండు పేర్లు,
ఎవరి సుస్తీ వాళ్ల మూత కింద.
తొమ్మిదింటికల్లా ల్యాబుకు చేరాలె.
ఏడు నిమిషాలు మాత్రం నావి.

నిన్నటి ఎండ ఇంకా బండలనే ఉన్నది.
రాత్రంతా తీర్చినా తీరని బాకీ లెక్క
అరచేతికి గోరువెచ్చగ తగులుతది.
ఒక తొండ తల పైకెత్తి, దించి,
నన్ను లెక్కల నుంచి తీసేసింది.

మిర్గం చొచ్చి మూడు దినాలు.
వాన రాలేదు, వాసనొచ్చింది.
గోల్కొండ దిక్కు మబ్బు
ఉతికి పిండని దుప్పటి లెక్క వేలాడుతున్నది.
అవతల కాంక్రీటు మిషను ఇంకా నిద్ర లేవలేదు.

ఇయ్యాల విఠల్ సారు
సూది దిగుతుంటే కిటికీ దిక్కు మొకం తిప్పి
పావురాలు లెక్కవెట్టిండు.
"పద్నాలుగు" అన్నడు, దూది అదుముకుంట.
పోయిన నెల తొమ్మిదే.
ఆయన రిపోర్టుల ఏమొస్తదో గానీ
పావురాలైతే పెరిగినయి.

ఖమరున్నిసా బేగంకు నరం దొరకదు.
కండ్లతోని వెతికితే అసలే దొరకదు.
వేలు పెట్టి
ఊపిరి బిగవట్టి
ఊకె ఆగాలె.
కుక్కర్ కూత, మనుమని ఏడుపు, కింద కూరగాయల బండి మైకు
ఒక్కొక్కటే పక్కకు జరుగుతయి.
అప్పుడు వేలి కింద
ఏదో మెత్తగ, ఓరగ, పలుకుతది.

ప్రతిసారి ఆమె ఒక్కటే అడుగుతది:
"చాయ్ తాగినవా బిడ్డా?"
పరగడుపున ఉన్నది తను.
తాగిన అని అబద్ధమాడుత.

అలవాటుకొద్దీ
రెండు వేళ్లు బండ మీద పెట్టిన.
నాకే నవ్వొచ్చింది.
అయినా తియ్యలేదు.

ఫోను మోగింది. ల్యాబు.
మోగి, ఆగి, మళ్ల మోగింది.
మొదటి చినుకు బండ మీద పడి
రూపాయి బిళ్లంత నల్లగయ్యి
చూస్తుండంగనే ఆరిపోయింది.
రెండోది అంతే.
మూడోది మోచేతి మీద పడ్డది,
సరిగ్గ నేను అందరికీ సూది గుచ్చే కాడ.
తర్వాత లెక్క తప్పిపోయింది.

డబ్బా ఒళ్లోకి తీసుకొని లేచిన.
తిరిగి చూస్తే బండంతా నల్లబడ్డది,
నేను కూసున్న మేర
ఇంకా తెల్లగ, పొడిగ.
స్కూటీ అందుకునేలోపల
అదీ తడిసింది.

ఎనిమిదీ నలభై.
చాయ్ యాదికొచ్చింది.