మైనస్ పదిహేడు

సెన్సర్లు పదకొండు ఇచ్చారు.
వీధులు ముప్పై నాలుగు.
రాయపురం వంతెన దిగిన దగ్గర్నుంచి వ్యాసర్పాడి దాకా
మ్యాపు మీద కాఫీ గ్లాసు అడుగు ముద్ర పడినంత మేర
నాది.

మిగతా ఇరవై మూడూ ఎవరు చూస్తారని అడిగితే
లెక్కలో వస్తాయన్నారు.
నిజమే, వస్తాయి.
కూడలి దేన్నీ కడుపులో దాచుకోదు,
మూడు వైపుల నుంచి మింగింది
నాలుగో వైపు కక్కాల్సిందే.
ఇరవై మూడు కూడళ్ళు, కూడలికో సమీకరణం.
చూసిన వీధిని పట్టుకుని
చూడని వీధిని లాగొచ్చు,
కొస దొరికిన దారప్ఉండలా.
ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

తగిలించడమే కష్టం.
ఒకటి చెప్పిందే ఇంకొకటి చెప్పకూడదు.
స్తంభం నిటారుగా ఉండాలి,
దాని మీద కేబుల్ టీవీ తీగల జడ ఉండకూడదు,
ఏ పార్టీ జెండా అయినా సరే, ఉండకూడదు.
అలాంటి స్తంభం కోసం మూడు రోజులు తిరిగాం
నేనూ, నిచ్చెన మోసే మునిరత్నమూ.

ఈ పని ఒకప్పుడు ఆయన చేత్తో చేసినదే.
గొడుగు కింద, అట్ట మీద కాయితం పెట్టుకుని
నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత.
లారీలకో గడి, బస్సులకో గడి,
తోపుడుబండికీ, పాడెకీ, గుర్రానికీ కలిపి
చివర్న "ఇతరములు".
కలలో కూడా బండ్లు
అయిదేసి కట్టలుగా పోయేవట.

నాలుగో వారం.
తెల్లవారుజామున నాలుగూ ముప్పావు.
గాజులోళ్ళ సందులో
మైనస్ పదిహేడు.

బ్యాటరీ చూశాను. గడియారం చూశాను.
సమీకరణాన్ని తిరగేసి, బోర్లేసి చూశాను.
మర్నాడు మైనస్ పదహారు.
ఆదివారం మైనస్ ముప్పై ఒకటి.
సందులో లేనన్ని బండ్లు లేకపోవడం ఏమిటి?
రేపటి దగ్గర అప్పు తెచ్చి
ఇవాళ తోలుతున్నారా ఎవరైనా?

మునిరత్నం బీడీ ఆర్పి అడిగాడు:
"ఆ సందు ఒన్‌వే కదమ్మా, ఎటు?"
తూర్పుకి.
"వాళ్ళు పడమటికి వస్తా ఉంటేనో?"

పోయి నిలబడ్డాం.
కాశిమేడు నుంచి చేపల ఆటోలు,
దీపాలు ఆర్పుకుని, ఒకదాని వెనక ఒకటి
ప్రవేశం లేదన్న ఎర్ర పళ్ళెం కిందుగా.
గంపల్లోంచి మంచునీళ్ళు కారి
సందు మధ్యలో తడిగీత.
పెద్ద రోడ్డు మీద హార్బరు కంటైనర్లు
కదలకుండా వరసకట్టి ఉన్నాయి;
వాటి వెనక ఇరుక్కుంటే
వంజరం చేప వంజరంలా ఉండదు ఏడింటికి.
ముందు ఆటోలోంచి దేశమ్మ తల బయటపెట్టి
నా చేతిలో లాప్‌టాప్ చూసి
"కెమెరానా ఏమే అది?" అని అరిచింది.
కాదన్నాను.
ఆమె వెనక ఒక పిల్ల
గంప మూత మీద చెంప ఆనించి నిద్రపోతోంది.
మునిరత్నం వేళ్ళు వాటంతటవే కదిలాయి:
నాలుగు చాచి, బొటనవేలు అడ్డం.
మూడు కట్టలు, మీద రెండు.

నా లెక్క తప్పు కాదు.
సున్నాకి అవతల
ఇంతమంది బతుకుతారని తెలియదు, అంతే.

రిపోర్టులో నేనేమీ దాచలేదు.
సున్నా కంటే తక్కువ వచ్చిందాన్నల్లా
సున్నా చేసెయ్యమని
ప్రోగ్రాములో నెల క్రితమే రాసిపెట్టాను,
నేనే, ఏమీ తెలియనప్పుడు.
గాజులోళ్ళ సందు: సున్నా.
పక్కన చిన్న అక్షరాల్లో: కొలత దోషం.

ఇవాళ పన్నెండో సెన్సరు మంజూరయింది.
అవసరమైన చోటు రాసి పంపమన్నారు.
నిచ్చెన భుజానికెత్తి
ఎటు పోదామని అడుగుతున్నాడు మునిరత్నం.
కాయితం మీద ఎక్కడిదో ఒక చేప పొలుసు
అతుక్కుని మెరుస్తోంది.
గోటితో గీకుతున్నాను.